పెంపుడు పక్షి పిల్లల ఎంపిక, తొలి నెల సంరక్షణ

పట్టణాలలో పంజరపు పక్షులుగా ఎక్కువగా పెంచుతున్నవి బడ్జెరిగార్, కాక్‌టీల్. ఈ రెండూ ఆస్ట్రేలియాకు చెందినవి. మన బజార్లలో బడ్జెరిగార్‌లను లవ్ బర్డ్స్ అనే పేరుతో అమ్ముతుంటారు. నిజమైన లవ్ బర్డ్స్ ఆఫ్రికాకు చెందిన వేరొక ప్రజాతి. సరైన పోషణలో బడ్జెరిగార్ 5 నుంచి 10 సంవత్సరాలు, కాక్‌టీల్ 15 నుంచి 20 సంవత్సరాలు జీవిస్తాయి. అయితే కొన్న కొద్ది రోజులకే పిల్లలు మరణించడం కూడా తరచుగా జరుగుతుంది. శత్రువుల కంట పడకుండా జబ్బును దాచుకోవడం చిన్న పక్షుల సహజ లక్షణం. లక్షణాలు బయటపడేసరికి వ్యాధి ముదిరి ఉంటుంది. అందువల్ల కొనేనాటి పరిశీలన, తొలి 30 రోజుల సంరక్షణ కీలకమైనవి.

చట్టపరమైన అంశాలు

రామచిలుకతో సహా మన దేశపు చిలుకలను పట్టడం, అమ్మడం, పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. విదేశీ జాతులలో సైటీస్ ఒప్పందపు అనుబంధాలలో చేరినవాటిని పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. బడ్జెరిగార్, కాక్‌టీల్ ఆ అనుబంధాలలో లేవు.

వయసు గుర్తించడం

బడ్జెరిగార్ పిల్లలు 30 నుంచి 35 రోజులకు గూడు విడుస్తాయి. సుమారు 6 వారాలకు గాని స్వయంగా తినలేవు. కాక్‌టీల్ పిల్లలకు 8 నుంచి 10 వారాలు పడుతుంది. చేతితో మేత పెట్టవలసిన పిల్ల త్వరగా మచ్చికవుతుందని చెప్పి అమ్మడం కద్దు. అనుభవం లేనివారు అటువంటి పిల్లను కొనరాదు. మేత చల్లగా ఉంటే మేతసంచిలో అరగక పులుస్తుంది, మరీ వేడిగా ఉంటే మేతసంచి కాలుతుంది, శ్వాసనాళంలోకి పోతే పిల్ల చనిపోతుంది. పిల్ల గింజలను తానే పొట్టు ఒలిచి తినడం కళ్లారా చూసిన తరువాతే తీసుకోవాలి.

లేత బడ్జెరిగార్‌కు నుదుటి చారలు ముక్కు మొదటి వరకు ఉంటాయి. కనుపాప చుట్టూ తెల్లని వలయం ఉండదు. 3, 4 నెలల వయసులో తొలిసారి ఈకలు రాల్చినప్పుడు నుదుటి చారలు పోతాయి. పూర్తిగా పసుపు లేదా తెలుపు రంగు రకాలలో చారలు కనిపించవు కనుక కాలి ఉంగరం మీది సంవత్సరాన్ని, పెంపకందారు రికార్డును చూడాలి.

ఆరోగ్య పరిశీలన

మొదట పంజరానికి కొంత దూరంలో నిలబడి పది నిమిషాలు గమనించాలి. మనిషి దగ్గరకు రాగానే జబ్బు పక్షి కూడా చురుకుగా ఉన్నట్లు కనిపిస్తుంది. పగటివేళ ఈకలు ఉబ్బించి రెండు కాళ్లపై కూర్చుని కునుకు తీసేది, శ్వాసతో పాటు తోక పైకీ కిందికీ ఊపేది వ్యాధిగ్రస్తమైనదిగా భావించాలి. తరువాత చేతిలోకి తీసుకుని కింది అంశాలు చూడాలి.

• కళ్లు, ముక్కు రంధ్రాలు పొడిగా, శుభ్రంగా ఉండాలి.
• ముక్కు చుట్టూ తేనెపట్టు వంటి బొరుసు ఉంటే అది గజ్జి పురుగుల లక్షణం.
• రొమ్ము ఎముక కత్తి అంచులా తగిలితే పక్షి చిక్కిపోయిందని అర్థం.
• మలద్వారం వద్ద ఈకలకు రెట్ట అంటి ఉండరాదు.

ఒక్క పక్షి బాగున్నా, అదే పంజరంలో జబ్బు పక్షులుంటే కొనరాదు.

తొలి నెల

కొత్త పక్షిని పాతవాటితో కలపక వేరే గదిలో 30 రోజులు ఉంచాలి. మేత, నీటి పాత్రలు వేరుగా ఉండాలి. పాత పక్షుల పని ముగించిన తరువాతే కొత్తదాని వద్దకు వెళ్లాలి. పంజరం అడుగున తెల్ల కాగితం పరచి రోజూ రెట్టను గమనించాలి. గ్రాముల త్రాసుపై ప్రతి ఉదయం మేతకు ముందు తూచి బరువు రాసుకోవాలి. 35 గ్రాముల పక్షి 3 లేదా 4 గ్రాములు తగ్గితే దాదాపు పదోవంతు కోల్పోయినట్లే. చూపులకు బాగానే ఉన్నా పశువైద్యుని సంప్రదించాలి.

అలవాటైన మేతను తొలి రెండు వారాలు మార్చరాదు. పాత్రలో పైన తేలిన పొట్టును చూసి గింజలున్నాయనుకోవడం పక్షి పస్తుండటానికి దారితీస్తుంది. రోజూ పొట్టు ఊది చూడాలి. కొర్ర, సామ, వరిగ గింజలు మాత్రమే పెడితే విటమిన్ ఎ, కాల్షియం, అయోడిన్ లోపిస్తాయి. కనుక క్రమంగా మునగాకు, కొత్తిమీర, క్యారెట్ తురుము అలవాటు చేసి, సముద్రపు నురుగు ముక్కను అందుబాటులో ఉంచాలి. అవకాడో, చాక్లెట్ విషతుల్యం. వేడెక్కిన నాన్‌స్టిక్ పాత్రల పొగ పక్షిని నిమిషాలలో చంపగలదు కాబట్టి వంటగదిలో పంజరం ఉంచరాదు.

మనుషులకు సోకే వ్యాధి

క్లమీడియా సిట్టసై అనే సూక్ష్మజీవి ఎండిన రెట్ట, ఈకల ధూళి ద్వారా మనుషులకు సోకి జ్వరం, తలనొప్పి, పొడి దగ్గు కలిగిస్తుంది. రెట్టను తడిపిన తరువాతే తుడవాలి, మాస్కు ధరించాలి. ఇటువంటి లక్షణాలుంటే ఇంట్లో పక్షులున్నాయని వైద్యునికి తెలపాలి.

పక్షి నలతగా కనిపిస్తే నీటిలో యాంటీబయాటిక్ కలిపి చూద్దామనుకోరాదు. జబ్బు పక్షి నీరు సరిగా తాగదు, మందు మోతాదు అందదు. 28 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం కల్పించి, ఆనాటి రెట్ట ఉన్న కాగితాన్ని, బరువుల పట్టికను వెంట తీసుకుని పశువైద్యశాలకు చేర్చాలి. వ్యాధి నిర్ధారణకు ఆ రెండూ ఎంతగానో తోడ్పడతాయి.