కంప్యూటరు గెలిస్తే ఆట ముగిసినట్లేనా?

"ఎన్నడూ ఓడించలేని కంప్యూటరుతో చదరంగం ఆడటం దేనికి మాస్టారూ?" అని ఒక విద్యార్థి అడిగాడు. మంచి ప్రశ్నే!

1997లో డీప్ బ్లూ అనే కంప్యూటరు ప్రపంచ విజేత కాస్పరోవ్‌ను ఓడించింది. అది సెకనుకు సుమారు 20 కోట్ల స్థితులను పరిశీలించేది. నల్ల, తెల్ల రాళ్ళతో ఆడే 'గో' ఆటలో దక్షిణ కొరియా మేటి ఆటగాడు లీ సెడోల్ 2016లో ఆల్ఫాగో చేతిలో 4–1 తేడాతో ఓడి, 2019లో ఆట విరమించాడు. ఓడించ వీలులేని యంత్రం వచ్చిందన్నది ఆయన చెప్పిన కారణాలలో ఒకటి.

ఫలితం ముందుగా తెలియకపోవడంలోనే ఆటలోని ఆనందం ఉంది. ఓటమి ఖాయమైతే ఉత్సాహం చల్లారుతుంది. సమఉజ్జీలు ఎదురెదురుగా కూర్చుంటే అది మళ్ళీ పుడుతుంది. మోటారు సైకిలు వచ్చిందని పరుగు పందాలు ఆగలేదు కదా!

కనుక ముందు స్నేహితునితో ఆడండి. ఎక్కడ పొరబడ్డారో మీరే ఆలోచించండి. ఆ తరువాతే కంప్యూటరును అడగండి. దాని జవాబు మీ జవాబుతో సరిపోయిందా? ఆ సంతోషం ఆట గెలిచినంత!