మన అలీ గెలిచిన ఆ రాత్రి

ముహమ్మద్ అలీ పేరు తెలియని ముస్లిం కుటుంబం అరుదు. జీవితంలో ఒక్క బాక్సింగ్ పోటీ కూడా చూడని పెద్దలు సైతం ఆయన గురించి ఎంతో అభిమానంగా మాట్లాడతారు. 1964లో ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ అయిన వెంటనే ఆయన తన విశ్వాసాన్ని, కొత్త పేరును ధైర్యంగా లోకానికి ప్రకటించాడు. 1967లో వియత్నాం యుద్ధానికి సైనికుడిగా వెళ్లనని నిరాకరించి టైటిల్‌నూ, బాక్సింగ్ లైసెన్సునూ పోగొట్టుకున్నాడు. 1971లో అమెరికా సుప్రీంకోర్టు ఆయనకు పడిన శిక్షను రద్దు చేసింది. రింగులో ఎవరి చేతిలోనూ ఓడకుండానే కిరీటం కోల్పోయిన ఆ మనిషి కథను మన పిల్లలకు చెప్పేటప్పుడు, ‘చూశారా, ఎంత అన్యాయం జరిగిందో!’ అని తప్పక అంటాం.

అయితే మనం సాధారణంగా చెప్పని కథ మరొకటి ఉంది. అందులో అన్యాయం జరిగిందని చాలామంది భావించేది అలీకి కాదు, అలీ ప్రత్యర్థికి.

1976 సెప్టెంబరు 28. న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియం. ఛాంపియన్ అలీకి ఎదురుగా నిలిచిన సవాలుదారు కెన్ నార్టన్. ఒకప్పుడు అమెరికా మెరైన్ దళంలో పనిచేసిన దృఢకాయుడు. వారిద్దరికీ అది మూడో పోరాటం. 1973 మార్చిలో శాన్ డియెగోలో జరిగిన మొదటి పోరులో నార్టన్ అలీ దవడ ఎముక విరగ్గొట్టి విజేత అయ్యాడు. అదే సంవత్సరం సెప్టెంబరులో అలీ బదులు తీర్చుకున్నాడు. ఆ రెండు సందర్భాల్లోనూ ముగ్గురు నిర్ణేతలు ఏకాభిప్రాయానికి రాలేకపోయారు. కాబట్టి మూడో పోరుతో లెక్క తేలిపోతుందని అందరూ ఎదురుచూశారు.

పదిహేను రౌండ్లు జరిగాయి. ఎవరూ కూలిపోలేదు. నాకౌట్ లేనప్పుడు విజేతను నిర్ణయించేది నిర్ణేతల కార్డులే. ఆనాటి న్యూయార్క్ నిబంధనల ప్రకారం రౌండ్లను లెక్కించేవారు. ఎవరు ఎక్కువ రౌండ్లు గెలిస్తే వారిదే పోటీ. ఇద్దరు జడ్జీలు అలీకి 8, నార్టన్‌కు 7 రౌండ్లు ఇచ్చారు. రిఫరీ అలీకి 8, నార్టన్‌కు 6 ఇచ్చి, ఒక రౌండును సమానమన్నాడు. అంటే చివరి రౌండు మొదలయ్యే సమయానికి ఇద్దరు జడ్జీల కార్డులపై ఇద్దరూ సరిసమానం. ఆ మూడు నిమిషాలు నార్టన్‌వైతే ప్రపంచ ఛాంపియన్ అతడే. కానీ ‘నువ్వు ఇప్పటికే గెలిచావు, జాగ్రత్తగా ఆడు’ అని అతని పక్షం వారు సలహా ఇచ్చారు. అతడు తగ్గి ఆడాడు. ఆ రౌండును ముగ్గురూ అలీకే రాశారు. ఫలితం ప్రకటించగానే నార్టన్ కన్నీళ్లతో రింగు దిగిపోయాడు. ఆ తీర్పుపై చర్చ నేటికీ ముగియలేదు.

ఇంతకూ రింగు పక్కన అంత దగ్గరగా కూర్చున్నవారు ఎందుకు పొరబడతారు? లంచం, కుట్ర అనే మాటలు మనకు వెంటనే తోస్తాయి. బాక్సింగ్ చరిత్రలో అవీ లేకపోలేదు. కానీ చాలా వివాదాలకు కారణం అంతకంటే సాధారణమైనది. నేటి పద్ధతిలో ముగ్గురు జడ్జీలు రింగుకు మూడు వైపులా కూర్చుంటారు. ప్రతి రౌండులో మెరుగైనవాడికి 10, రెండోవాడికి 9, అతడు ఒకసారి కింద పడితే సాధారణంగా 8 పాయింట్లు వేస్తారు. ఒక బాక్సర్ వీపు తమవైపు ఉన్నప్పుడు అతని పిడికిలి ఎదుటివాడికి తగిలిందా, చేతి అడ్డుపై ఆగిపోయిందా అన్నది వారికి కనిపించదు. ప్రేక్షకుల కేక మాత్రం వినిపిస్తుంది. ప్రసిద్ధుడి దెబ్బ గాలిలో పోయినా జనం కేక వేస్తారు. పేరులేనివాడి దెబ్బ సూటిగా తగిలినా మైదానం మౌనంగా ఉంటుంది. దీనికి తోడు, ఛాంపియన్‌ను దించాలంటే స్పష్టంగా ఓడించి తీరాలనే అభిప్రాయం బాక్సింగ్ లోకంలో పాతుకుపోయింది. నిబంధనల్లో లేని ఈ సూత్రం కార్డులపై మాత్రం పనిచేస్తూనే ఉంటుంది.

1999 మార్చి 13న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో లెనాక్స్ లూయిస్, ఇవాండర్ హోలీఫీల్డ్ తలపడ్డారు. చూసినవారిలో అత్యధికులు లూయిస్ సునాయాసంగా గెలిచాడనుకున్నారు. ఒక జడ్జి 116-113తో లూయిస్‌కు, ఒకరు 115-113తో హోలీఫీల్డ్‌కు ఇచ్చారు. మూడోవారు 115-115 అన్నారు. పోటీ డ్రాగా ముగిసింది. తీవ్ర నిరసన చెలరేగి విచారణ జరిగింది. హోలీఫీల్డ్‌కు మొగ్గిన జడ్జి తన చూపుకు ఫొటోగ్రాఫర్లు అడ్డువచ్చారని చెప్పారు. ఆ నవంబరులో మళ్లీ పోరు జరిపితే ముగ్గురూ లూయిస్‌నే విజేతగా తేల్చారు. లూయిస్‌కు రెండో అవకాశం దక్కింది. అందరికీ అలా దక్కదు.

రిఫరీ బాధ్యత ఇంకా కఠినమైనది. 1990 మార్చి 17న లాస్ వెగాస్‌లో మెల్‌డ్రిక్ టేలర్ ఇద్దరు జడ్జీల కార్డులపై ఎంతో ముందున్నాడు. చివరిదైన పన్నెండో రౌండులో హూలియో సీజర్ చావెజ్ దెబ్బకు కూలిపోయి, ఎలాగో లేచి నిలబడ్డాడు. రిఫరీ రిచర్డ్ స్టీల్ అడిగిన ప్రశ్నకు అతని నుండి సరైన సమాధానం రాలేదు. స్టీల్ పోటీ ఆపేశాడు. అప్పటికి మిగిలినవి రెండంటే రెండు క్షణాలు! ఆ రెండు సెకన్లు గడిచి ఉంటే టేలర్ విజేత. ‘కొంచెం ఆగి ఉండవలసింది’ అని ఇప్పటికీ అనేవారున్నారు. తనకు గడియారం కంటే మనిషి ప్రాణం ముఖ్యమని స్టీల్ సమాధానం. 1962లో న్యూయార్క్‌లో బెన్నీ పారెట్ అనే బాక్సర్ తాళ్లకు ఒరిగి వరుస దెబ్బలు తింటుండగా పోటీని ఆపడం ఆలస్యమైంది. పది రోజులకు అతడు మరణించాడు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే స్టీల్‌ను తప్పుపట్టడం సులభం కాదు. ముఖంపై కొట్టడమే లక్ష్యంగా సాగే ఈ పోటీలను పలువురు ఉలమాలు ఎందుకు అనుమతించలేదో కూడా అర్థమవుతుంది.

మళ్లీ నార్టన్ దగ్గరికి వద్దాం. 1978లో లియోన్ స్పింక్స్ అతనితో తలపడకపోవడంతో ప్రపంచ బాక్సింగ్ కౌన్సిల్ పోరు లేకుండానే నార్టన్‌ను ఛాంపియన్‌గా ప్రకటించింది. ఆ జూన్ 9న లారీ హోమ్స్‌తో పదిహేను రౌండ్లు పోరాడి, ఇద్దరు జడ్జీల కార్డులపై 143-142 తేడాతో టైటిల్ పోగొట్టుకున్నాడు. కేవలం ఒక్క పాయింటు! ప్రపంచ టైటిల్ పోరులో ఒక్కసారి కూడా అతని చేయి పైకెత్తలేదు. యాంకీ స్టేడియంలో ఆ చివరి మూడు నిమిషాలు అతని జీవితాన్ని ఎంత మార్చి ఉండేవో ఊహించవచ్చు.

మరి అలీ ఏమన్నాడు? ఆ పోరు తర్వాత కొద్ది రోజులకే, నార్టన్ తనను ఓడించాడనే తాను అనుకున్నానని, జడ్జీలు మాత్రం విజయం తనకిచ్చారని ఆయన ఒప్పుకున్నాడు. ‘నేనే గొప్పవాణ్ణి’ అని లోకమంతా వినేలా చాటిన నోటి నుండి వచ్చిన మాట అది. అలీ వీరాభిమానులు కొందరు నేటికీ ఈ మాట అనలేరు. ఆయన తరఫున వాదిస్తూనే ఉంటారు.

సరిగ్గా ఇక్కడే మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. 1967లో అలీకి జరిగిన దానికి బాధపడే మనసు, 1976లో నార్టన్ కన్నీళ్లను చూసినప్పుడు ఎందుకు కదలదు? మనవాడు నష్టపోతే అన్యాయం, మనవాడు లాభపడితే అదృష్టం అనుకుంటే, మనం ప్రేమించింది న్యాయాన్ని కాదు, మనవాణ్ణే. స్వయంగా మనకు, మన కన్నవారికి, మన బంధువులకు వ్యతిరేకమైనా సరే సత్యమైన సాక్ష్యమే పలకాలని నేర్చుకున్న ఇళ్లు మనవి. పరాయివాడి విషయంలో ఆ పాఠం సులభమే. ప్రియమైనవారి విషయంలోనే దాని బరువు తెలుస్తుంది.

ఇంట్లో ఇద్దరు పిల్లలు కొట్లాడుకుని అమ్మ దగ్గరికో నాన్న దగ్గరికో వస్తారు. చిన్నవాడు ముందుగా ఏడుస్తాడు. పెద్దది మొండిగా మౌనం వహిస్తుంది. మనం ఏడుపు విని తీర్పు చెప్పేస్తాం. గొడవ మొదలైనప్పుడు మనం వంటగదిలో ఉన్నామని, ఏమీ చూడలేదని మరచిపోతాం. కోడలికీ కూతురికీ మాట తేడా వచ్చినప్పుడు కూడా ఇంతే. ఆ జడ్జికి ఫొటోగ్రాఫర్లు అడ్డువచ్చినట్లు మనకు మమకారం అడ్డువస్తుంది. ‘నేను చూడలేదు, నీ మాట కూడా విననివ్వు’ అనడం, తీర్పు తప్పిందని తెలిశాక పిల్లల ముందే సరిదిద్దుకోవడం మన పెద్దరికాన్ని తగ్గించవు.

1986లో నార్టన్ ఘోరమైన కారు ప్రమాదానికి గురై చాలాకాలం కోలుకోలేకపోయాడు. ఆస్పత్రిలో తనకు స్పృహ వచ్చిన తొలి రోజుల్లో, మంచం పక్కన నిలబడి గారడీ చేసి చూపిస్తున్న అలీ కనిపించాడని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. నార్టన్ 2013లో, అలీ 2016లో లోకం విడిచి వెళ్లారు. యాంకీ స్టేడియం రికార్డులో విజేతగా అలీ పేరే ఉంది; అది ఇక మారదు. ఈసారి పిల్లలకు అలీ కథ చెప్పేటప్పుడు నార్టన్ పేరు కూడా చెప్పండి. అలీ ఒప్పుకున్న ఆ మాటనూ చెప్పండి.