చెడు రక్తం పోనీ అనవచ్చా?

కాన్పయ్యాక నెత్తురు ధారగా పోతుంటే ‘చెడు రక్తం, పోనీ’ అనే మాట తెలుగు పల్లెల్లో ఇంకా వినిపిస్తుంది. సూది వేసి ఆపితే ఆ చెడంతా కడుపులోనే గడ్డకట్టి బాలింతను పీడిస్తుందన్న భయం దానికి తోడు. ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. కాన్పు తర్వాత వారాల తరబడి కొద్దికొద్దిగా మైల పోవడం సహజం. కానీ మొదటి గంటల్లో గుడ్డ మీద గుడ్డ తడిపేసే నెత్తురు అది కాదు. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరు, ఆపైన కూడా రక్తం అందుతుంటుంది. మాయ ఊడగానే అక్కడి రక్తనాళాల మూతులు తెరుచుకుంటాయి. గర్భసంచి పిడికిలిలా బిగుసుకుంటేనే ఆ నాళాలు కండరాల మధ్య నలిగి మూసుకుంటాయి. బిగుసుకోకపోతే పోయేది తల్లి ఒంట్లో తిరిగే మంచి రక్తమే. బిడ్డ పుట్టగానే వేసే 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఆ పిడికిలిని బిగిస్తుంది. మైలను లోపల బంధించదు. తర్వాతి వారాల్లో అది పోతూనే ఉంటుంది.

తెలంగాణలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ‘పోనీ’ అన్న మాట మరింత ప్రమాదకరం. రక్తహీనత ఎక్కువగా ఉందని 2022 డిసెంబరులో పోషకాహార కిట్ల కోసం ఎంచిన తొమ్మిది జిల్లాల్లో గద్వాల, నాగర్‌కర్నూల్ రెండూ ఉన్నాయి. వనపర్తి ఆ జాబితాలో లేదు గానీ, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనులే. అర లీటరు పోతే అధిక రక్తస్రావమని వైద్యులు లెక్కిస్తారు. నిండుగా రక్తమున్న ఒళ్లు ఆ నష్టాన్ని తట్టుకోవచ్చు. పాలిపోయిన తల్లి అంతకంటే తక్కువకే కుప్పకూలవచ్చు.

‘అది బర్రెలకు పాలు చేపడానికి వేసే సూదే కదా, తల్లిపాలు చెడిపోవా?’ అన్న సందేహాన్ని కొట్టిపారేయకూడదు. మందు నిజంగానే అదే. పశువులకు విచ్చలవిడిగా వాడుతున్నారనే 2018లో కేంద్రం ప్రైవేటు తయారీని ఆపబోయింది. ఆ ఉత్తర్వును అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. అయితే బిడ్డ రొమ్ము పట్టిన ప్రతిసారీ తల్లి మెదడు విడుదల చేసేదీ ఈ ఆక్సిటోసినే. సూదితో ఎక్కింది కాసేపట్లోనే ఒంట్లో కరిగిపోతుంది. నిజంగా భయపడాల్సింది వేరే ఉంది: కాన్పుకు ముందే, నొప్పులు తొందరగా రావాలని ఇంటి దగ్గర వేయించే సూది. అది గర్భసంచి పగలడానికి దారితీయవచ్చు. మందు ఒకటే అయినా, బిడ్డ లోపల ఉండగా ఇంటి దగ్గర వేస్తే ప్రాణం తీయగలది బిడ్డ బయటికొచ్చాక ప్రాణం నిలుపుతుంది.

మన అమ్మమ్మలు సూది లేకుండానే కనలేదా అంటే, కన్నారు. చాలామందికి గర్భసంచి తనంతట తానే బిగుస్తుంది. ఎవరికి బిగుసుకోదో ముందే చెప్పలేకపోవడమే చిక్కు. అందుకే అందరికీ వేస్తారు. సూది వేసేవారు లేనిచోట మిసోప్రోస్టాల్ మాత్రలైనా పనికొస్తాయని గద్వాల పక్కనున్న కర్ణాటకలోనే తేలింది. బెళగావి జిల్లాలో ఏఎన్‌ఎంలు కాన్పు చేసిన 1,620 మందిపై జరిపి 2006లో ప్రచురించిన పరిశోధనలో, మాత్రలు మింగినవారిలో అధిక రక్తస్రావం 12 శాతం నుంచి 6.4 శాతానికి తగ్గింది. ఆ మాత్రలతో వణుకు, కాస్త జ్వరం రావచ్చు. చాలావరకు వాటంతటవే తగ్గుతాయి.

ఇవన్నీ వాడినా కొందరికి నెత్తురు ఆగదు. అలాంటప్పుడు నరానికి ఎక్కించే ట్రానెక్సామిక్ ఆమ్లం గర్భసంచిని బిగించదు, కట్టిన గడ్డ కరగకుండా కాస్తుంది. 2017లో వెలువడిన, 20,000 మంది తల్లులపై జరిగిన అధ్యయనం ప్రకారం కాన్పయిన మూడు గంటల్లోపు ఇస్తే రక్తస్రావంతో చనిపోయేవారు దాదాపు మూడో వంతు తగ్గారు. ఆలస్యమైన ప్రతి పావుగంటకూ ఆ మేలు పదో వంతు చొప్పున తరిగిపోతుంది. నల్లమల అడవి లోపలి చెంచుల గూడెం (పెంట) నుంచి అచ్చంపేట ఆసుపత్రికి చేరేసరికే కొన్ని పావుగంటలు దారిలో పోతాయి. ‘చెడు రక్తమేలే’ అంటూ ఇంట్లో గడిపేవి కూడా ఆ మూడు గంటల్లోంచే పోతాయి.