పథ్యమంటే పస్తు కాదు



ఇంట్లో ఒకరు మంచాన పడ్డారంటే డాక్టరుగారు మందు రాసిస్తారు. పూటపూటా ఏం పెట్టాలన్న ప్రశ్న మాత్రం మన వంటింటికే వస్తుంది. కారం వద్దు, పులుపు వద్దు, నూనె వద్దు అనగానే మనకు తోచేది గంజి ఒక్కటే. పైగా "లంఖణం పరమౌషధం" అని పెద్దలన్న మాట చెవుల్లో ఉండనే ఉంటుంది. ఈవేళ నేను చెప్పదలచింది పథ్యమంటే పస్తు కాదని. తప్పు చేసి నేర్చుకున్నదాన్ని కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

నాలుగేళ్ళ కిందట మా అత్తగారికి రొమ్ములో గడ్డ ఉందని తేలింది. మా చిత్తూరు వైపు పెద్ద జబ్బంటే కొందరు రాయవేలూరుకు పోతారు, కొందరు తిరుపతిలో రుయాకో స్విమ్స్‌కో వస్తారు. మేమూ ఒక ఆసుపత్రిలో చేర్పించాం. మూడు వారాలకొకసారి కీమోథెరపీ. రెండోసారి ఇంజక్షనయ్యాక ఆమె నోరంతా పూసింది, ఏది చూసినా వాంతి. నేను రోజుకు అయిదుసార్లు పల్చటి గంజి వడగట్టి ఇచ్చాను. ఎంతో శ్రద్ధగా చూసుకుంటున్నాననే అనుకున్నాను. "ఇంగ నా వల్ల కాదు మే, ఆ నీళ్ళు చూస్తేనే కడుపులో తిప్పతా వుండాది" అనేది పాపం. మూడో ఇంజక్షనుకు తీసుకెళితే అయిదు కిలోలు తగ్గి ఉంది. ఆ నీరసం చూసి మందు వారం వాయిదా వేశారు. అక్కడి ఆహార నిపుణురాలు నేను చెప్పిందంతా విని, "నీళ్ళు పోశారమ్మా, అన్నం పెట్టలేదు" అంది. సిగ్గుతో తల వంచుకున్నాను.

ఇది నా ఒక్కదాని పొరపాటు కాదండీ. ఒకప్పుడు జ్వరమొస్తే కడుపు మాడ్చడమే వైద్యమని డాక్టర్లే నమ్మేవారు. పందొమ్మిదో శతాబ్దంలో ఐర్లండులో రాబర్ట్ గ్రేవ్స్ అనే డాక్టరు దాన్ని కాదని, జ్వరపడ్డవాళ్ళకు ఆహారం పెట్టించాడు. తరువాత ఇరవయ్యో శతాబ్దం మొదట్లో న్యూయార్కులో వారెన్ కోల్‌మన్ టైఫాయిడ్ రోగులకు బలమైన మెత్తటి ఆహారం ఇచ్చి మేలు చూపించాడు. కారణం తేలికే. జ్వరంలో ఒళ్ళు కాలుతుంటే శక్తి మామూలుకన్నా ఎక్కువ ఖర్చవుతుంది. బయటినుంచి అందకపోతే శరీరం తన కండనే కరిగించుకుంటుంది.

అందుచేత చప్పిడి తిండి అంటే కడుపుకూ నోటికీ మంట పెట్టని తిండి అని అర్థం చేసుకోవాలి. అందులో బలం మాత్రం ఉండి తీరాలి. వడగట్టిన గంజిలో నీళ్ళూ కాస్త పిండిపదార్థమూ తప్ప పెద్దగా ఏమీ లేవు.

మరి ఏం పెట్టాలి? మన రాగులనే తీసుకోండి. నూరు గ్రాముల రాగుల్లో కాల్షియం సుమారు 350 మిల్లీగ్రాములుంటే, తెల్లబియ్యంలో పది ప్రాంతం మాత్రమే. చిక్కు ఎక్కడంటే, బలానికని పిండి ఎక్కువ వేస్తే జావ సంగటిలా గట్టిపడుతుంది, మింగలేరు. నీళ్ళు పోసి పల్చన చేస్తే బలం పోతుంది. దీనికి ఉపాయం మొలకలు. రాగులు కడిగి, ఒక రాత్రి నానబెట్టి, నీళ్ళు వంచి, తడిగుడ్డలో కట్టి ఉంచండి. ఒకటి రెండు రోజులకు సన్నగా మొలకలొస్తాయి. ఎండబెట్టి, సన్నని సెగమీద కొంచెం వెచ్చచేసి పిండి పట్టించండి. మాడనివ్వకండి సుమా. మొలకెత్తేటప్పుడు గింజలో ఎమిలేజ్ అనే ఎంజైము పుడుతుంది. అది పిండిని విడగొట్టి జావను పల్చన చేస్తుంది. ఎక్కువ వేడి తగిలితే అది చచ్చిపోతుంది. ఈ పిండిని చన్నీళ్ళలో కలిపి, నిదానంగా కాచి, చివర బాగా ఉడకనివ్వండి. అదే గ్లాసులో పిండి ఎక్కువ పడుతుంది, అయినా జావ గొంతులో జారిపోతుంది. పాలు పడేవాళ్ళయితే పాలు కలపండి.

కండ నిలవాలంటే మాంసకృత్తులు కావాలి. పొట్టు తీసిన పెసరపప్పు, బియ్యం కలిపి, నీళ్ళెక్కువ పోసి, ఉప్పు, జీలకర్రతో మెత్తటి పొంగలి చేయండి. మిరియం, తాలింపు వద్దు. ఒక చెంచా నెయ్యి వేయండి. ఇడ్లీ పాలలో నానబెట్టి, తాజా పెరుగు, తినేవాళ్ళయితే బాగా ఉడికిన గుడ్డు, ఇవన్నీ మెత్తనివే.

నోటిపూత సంగతి చెబుతాను. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టనివ్వని జబ్బది. అమెరికాకు వెళ్ళి ఆయన నడిపిన పరిశోధనల నుంచే ఫోలిక్ యాసిడ్ తయారీ, తరువాత మెథోట్రెక్సేట్ అనే క్యాన్సరు మందు వచ్చాయి. ఇలాంటి మందులు త్వరగా పెరిగే కణాలను దెబ్బతీస్తాయి. నోటిలోనూ పేగుల్లోనూ పొర త్వరత్వరగా పెరిగేదే కాబట్టి అదీ దెబ్బతింటుంది. తిండి మీద అయిష్టత రోగి మొండితనం కాదని దీన్నిబట్టి తెలుసుకోవాలి. పులుపు, కారం, వేడివేడిది వద్దు. గోరువెచ్చగానో చల్లారాకనో పెట్టండి. చల్లారితే వాసన కూడా తక్కువ, వాంతి రాదు. తాలింపు పొగ మంచం దాకా రానివ్వకండి. తినేముందు గోరువెచ్చటి నీళ్ళలో ఉప్పు కలిపి పుక్కిలించమనండి. రెండు గంటలకొకసారి కొంచెం కొంచెం. ఎప్పటికప్పుడు వండిందే, నిలవది వద్దు.

విరేచనాలైతే కాచి చల్లార్చిన ఒక లీటరు నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో తలగొట్టి కొలిచి కలపండి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగినప్పుడు డాక్టర్ దిలీప్ మహాలనబీస్ ఇటువంటి ద్రావణంతోనే ఎందరినో బతికించారు. అయితే తిండి మానిపించకండి.

ఒక హెచ్చరిక. చక్కెర జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళకు ఏది ఎంతో డాక్టరుగారినే అడగాలి. నీళ్ళు కూడా నిలవనంత వాంతులైనా, కీమో నడుస్తుండగా జ్వరం వచ్చినా ఇంట్లో పథ్యం చూస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

మా అత్తగారు మిగతా ఇంజక్షన్లు వాయిదా లేకుండా వేయించుకున్నారు. ఇప్పుడు బాగున్నారు. మొన్న పొంగలి వడ్డిస్తే, "ఇందులో మిరియం లేదేందే?" అని గద్దించారు. ఆ గద్దింపు ఎంత తియ్యగా వినిపించిందో చెప్పలేను. సెలవు.