క్రీడాకారుల ప్రదర్శన సామర్థ్యం – మానసిక స్వస్థత: ఒక వివేచన

ప్రవేశిక:

తెలుగు పత్రికల క్రీడాపుటల్లో ‘మానసిక దృఢత్వం’ అనే మాట తరచుగా కనిపిస్తుంది. గెలిచినవారికి అది ఉన్నదనీ, ఓడినవారికి లోపించిందనీ రాయడం పరిపాటి. ఈ ఒక్క మాట కింద రెండు వేర్వేరు విషయాలు కలిసిపోతున్నాయి. నేర్చిన నైపుణ్యాన్ని పోటీ సమయంలో పూర్తిగా వినియోగించుకోగలగడం మొదటిది. నిద్ర, ఆకలి, ఆసక్తి, తోటివారితో సంబంధాలు సజావుగా ఉండడం రెండవది. మొదటిదాన్ని ప్రదర్శన సామర్థ్యమనీ, రెండవదాన్ని మానసిక స్వస్థత అనీ వ్యవహరించవచ్చు. క్రీడా మనోవిజ్ఞానం రెండింటికీ తోడ్పడుతుంది. అయితే ఆ తోడ్పాటు స్వరూపం, దాన్ని అందించవలసిన వ్యక్తి, పాటించవలసిన నియమాలు రెండు సందర్భాల్లోనూ ఒకటి కావు.

చేయి తిరిగిన పని:

ఈ శాస్త్రం తొలినాళ్లలో ప్రధానంగా ప్రదర్శనపైనే దృష్టి నిలిపింది. సైక్లిస్టులు ఒంటరిగా తొక్కినప్పటికన్నా పోటీదారులతో కలిసి తొక్కినప్పుడు ఎందుకు వేగం పుంజుకుంటారని 1898లో నార్మన్ ట్రిప్లెట్ పరిశీలించారు. ఒత్తిడిలో నైపుణ్యం ఎందుకు తడబడుతుందన్నది అంతకన్నా జటిలమైన ప్రశ్న.

దీన్ని అర్థం చేసుకోవడానికి ‘చేయి తిరగడం’ అనే తెలుగు జాతీయం చక్కగా ఉపకరిస్తుంది. చేయి తిరిగిన ఇల్లాలు ముగ్గు పెట్టేటప్పుడు వేళ్ల కదలికను గమనించుకోదు. ఏళ్ల సాధనతో ఆ పని చేతికే వదిలేస్తుంది. బ్యాడ్మింటన్‌లో సర్వీసు చేయడం, రైఫిల్ ట్రిగ్గర్ నొక్కడం కూడా అటువంటివే. కీలక ఘట్టంలో ‘తప్పు జరగకూడదు’ అన్న జాగ్రత్త ఎక్కువైతే, చేతికి వదిలేసిన పనిని బుద్ధి మళ్లీ తన అధీనంలోకి తీసుకుంటుంది. అంగాంగంగా విడదీసి చూడబోయేసరికి కదలిక చెడుతుంది. గోల్ఫ్ నైపుణ్యంపై సయన్ బైలాక్, థామస్ కార్ 2001లో ప్రచురించిన ప్రయోగాలు ఈ వివరణకు బలం చేకూర్చాయి.

అందుకే నిపుణులు నియమబద్ధమైన శ్వాస, ఒక చిన్న సంకేతపదం, ప్రతి సర్వీసుకూ ముందు మారని క్రమం వంటివి అలవాటు చేయిస్తారు. ‘ధైర్యంగా ఆడు’ అన్న హితవు కన్నా ఇవి మేలు. ధైర్యంగా ఉండాలన్న ఆదేశం కూడా క్రీడాకారుడు గమనించుకోవలసిన మరొక పనే అవుతుంది కదా!

చదరంగపు బల్లకు ఇరువైపులా:

2024 ప్రపంచ చదరంగ చాంపియన్‌షిప్ పై భేదాన్ని స్పష్టంగా చూపుతుంది. చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టిన దొమ్మరాజు గుకేశ్ మానసిక సన్నద్ధత కోసం ప్యాడీ అప్టన్ సహాయం తీసుకున్నారు. 2011లో ప్రపంచకప్ గెలిచిన భారత క్రికెట్ జట్టుతోనూ అప్టన్ పనిచేశారు. గుకేశ్ తొలి ఆటలోనే ఓడినా కుదురుకొని, 14 ఆటల పోరును 7.5–6.5 తేడాతో గెలిచారు. ఎదుట కూర్చున్న డింగ్ లిరెన్ 2023లో టైటిల్ సాధించాక నెలల తరబడి పోటీలకు దూరమై, తన కుంగుబాటును గురించి బహిరంగంగా చెప్పారు. ఆయన తేలికగా ఓడిపోతారన్న అంచనాలు తారుమారై, ఫలితం చివరి ఆట దాకా తేలలేదు. స్వస్థత దెబ్బతిన్న వ్యక్తి కూడా ఉన్నతంగా ఆడగలడని దీన్నిబట్టి తెలుస్తున్నది. బాగా ఆడుతున్నాడు కనుక బాగానే ఉన్నాడని భావించడం పొరపాటు.

అభినవ్ బింద్రా అనుభవం మరొక కోణం. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో దేశానికి తొలి వ్యక్తిగత స్వర్ణం సాధించిన తరువాత తనను శూన్యం ఆవరించిందని ఆయన చెప్పారు. అక్కడ ఓటమి లేదు, తడబాటు లేదు. ఏళ్ల తరబడి జీవితాన్ని నడిపిన లక్ష్యం నెరవేరిపోవడమే కష్టమైంది. శ్వాస సాధన ఈ స్థితికి సరిపోయే చికిత్స కాదు.

గోప్యత:

మానసిక ఆరోగ్యాన్ని శారీరక ఆరోగ్యం నుంచి వేరుచేయలేమని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2019లో వెలువరించిన ఏకాభిప్రాయ ప్రకటన స్పష్టం చేసింది. ఆచరణలో అడ్డుపడేది గోప్యత. భారతదేశపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 రోగికి గోప్యతా హక్కునిచ్చి, దాన్ని కాపాడే బాధ్యతను ఆరోగ్య వృత్తి నిపుణులపై ఉంచింది. ‘మెంటల్ కండిషనింగ్ కోచ్’ హోదాలో ఉన్నవారందరూ ఆరోగ్య వృత్తి నిపుణులు కానక్కరలేదు. విన్నది జట్టు యాజమాన్యానికి చేరుతుందా లేదా అన్నది తొలి సమావేశంలోనే క్రీడాకారులకు చెప్పడం అవసరం.

క్రీడా వసతి గృహాల్లోని పిల్లల విషయంలో ఇది మరింత ముఖ్యం. నిద్ర పట్టడం లేదని శిక్షకుడికి చెబితే జట్టులో చోటు పోతుందేమోనన్న భయం వారిది. పైగా వారు ‘కుంగుబాటు’ వంటి పారిభాషిక పదాలు వాడరు. ‘మనసు బాగోలేదు’, ‘ఆడబుద్ధి కావడం లేదు’ అంటారు. ఈ రెండో మాట శిక్షకుడికి బద్ధకంగా వినిపించవచ్చు. వైద్యశాస్త్రం మాత్రం ఆసక్తి నశించడాన్ని కుంగుబాటు ప్రధాన లక్షణాల్లో ఒకటిగా పరిగణిస్తుంది. రెండు వారాలకు పైగా అదే మాట వినిపిస్తూ, నిద్ర, తిండి కూడా తగ్గినట్లయితే ఆ పిల్లలకు వైద్య పరీక్ష అవసరమవుతుంది.