బఠాణీ గింజకు పుట్టిన వీరుడు

ఉక్రెయిన్ జానపద కథల్లో రాజకుమారులు లేకపోలేదు. కానీ అక్కడి పిల్లల నోళ్లలో నానే పేర్లు ఎక్కువగా వాళ్లవి కావు. కొతిహొరోష్కోనే చూడండి. దారిలో దొర్లుకుంటూ వచ్చిన బఠాణీ గింజను వాళ్లమ్మ మింగితే పుట్టాడు. అక్కను, ఆమెకోసం వెళ్లిన అన్నలను బంధించిన మహాసర్పం మీదికి బయల్దేరే ముందు ఇనుప గద చేయించి ఆకాశంలోకి విసిరాడు. రోజుల తర్వాత అది దిగివస్తుంటే వేలు అడ్డం పెట్టాడు. గద రెండు ముక్కలైంది! ఇది పనికిరాదని మళ్లీ కమ్మరి దగ్గరికే వెళ్లి ఇంకా పెద్దది చేయించాడు. అక్కడితో అయిపోలేదు. తర్వాత పాతాళంలోకి దిగినప్పుడు తనను తాడుతో పైకి లాగాల్సిన మిత్రుల మీద అనుమానమొచ్చి, తాడుకు ముందు ఓ రాయి కట్టి చూశాడు. వాళ్లు లాగినట్టే లాగి వదిలేశారు. నన్నడిగితే పిల్లలకు ఆ గదకన్నా ఈ రాయే ఎక్కువ పనికొస్తుంది.

కీవ్ నగరాన్ని పీడించే సర్పాన్ని చంపిన కిరిలో కొజుమ్యాక తోళ్లు పదునుచేసుకుని బతికేవాడు. రాజు పంపిన పెద్దమనుషులు వచ్చి దగ్గితే ఉలిక్కిపడ్డాడు, చేతిలోని పన్నెండు తోళ్లూ ఫట్టున చిరిగిపోయాయి. పని పాడైందని అలిగి కూర్చున్నాడు. పడుచువాళ్లు వచ్చి బతిమాలినా కదల్లేదు. చివరికి చిన్నపిల్లలు వచ్చి ఏడిస్తే తనూ ఏడ్చి లేచాడు. ఒంటికి జనపనార చుట్టుకుని తారు పూసుకుని వెళ్లి సర్పాన్ని మట్టుబెట్టాడు. దాన్ని కాల్చి బూడిద గాలికి వదిలేశాడట, దోమలూ ఈగలూ పుట్టింది అందులోంచేనట! అది తెలివితక్కువ పనేనని కథే చెబుతుంది. వీరుణ్ని ఇలా మెత్తగా తప్పుపట్టే కథలు ఎన్ని ఉంటాయి?

ఇలాంటి తోళ్ల పనివాడే ఒకడు పెచెనెగ్ తెగ మల్లుణ్ని ఓడించిన ఉదంతం 992 నాటి సంఘటనగా ప్రాచీన రుస్ రాజ్యపు చరిత్ర గ్రంథంలో ఉంది. కీవ్‌లో కొజుమ్యాకి అనే పేట ఇప్పటికీ ఉంది.

ఇవాసిక్-తెలెసిక్‌ది ఇంకో తరహా. ముసలమ్మ ఉయ్యాల్లో వేసి ఊపిన కర్రదుంగ పిల్లాడైంది. వాడు బంగారు పడవలో చేపలు పడుతుంటే అమ్మ గట్టు మీదినుంచి పాట పాడి అన్నానికి పిలిచేది. ఆడపాము అదే పాట బొంగురుగా పాడితే వాడు పోల్చుకుని పడవను దూరంగా పోనిచ్చాడు. అప్పుడు పాము కమ్మరి దగ్గరికెళ్లి అమ్మ గొంతులాంటి సన్నని గొంతు చేయించుకుంది. ఈసారి వాడు దొరికిపోయాడు. తెలిసినవాళ్ల గొంతుతో ఫోన్‌చేసి డబ్బులడిగే మోసాల గురించి పిల్లలకు చెప్పాలంటే ఇంతకన్నా మంచి కథ ఎక్కడ దొరుకుతుంది? ఆపదలో వాణ్ని వీపున ఎక్కించుకున్నది మాత్రం బలమైన పెద్ద బాతులు కాదు, గుంపుకు వెనకపడ్డ బక్క బాతుపిల్ల. ఇంట్లో ముసలివాళ్లు 'ఇది నీకు, ఇది నాకు' అని రొట్టెలు పంచుకుంటుంటే, బయటినుంచి 'మరి నాకో?' అని వినబడుతుంది.

తాత జారవిడిచిన చేతితొడుగులో ఎలుక, కప్ప, కుందేలు, నక్క, తోడేలు, అడవిపంది, ఎలుగుబంటి ఇరుక్కునే కథకు వీరుడంటూ ఎవరూ లేరు. ప్రతి కొత్త అతిథికీ పాతవాళ్లంతా పేర్లు వరసగా అప్పజెప్పాలి. చిన్నపిల్లల జ్ఞాపకశక్తికి మంచి సాధన. రచయిత్రి జాన్ బ్రెట్ 1989లో అమెరికా పిల్లలకు దీన్ని తిరగచెప్పినప్పుడు ఎలుగుబంటి తుమ్ముతో తొడుగు ఖాళీ అయింది. ఉక్రెయిన్‌లో ఆ పని తాతగారి కుక్క మొరుగుతో జరుగుతుంది.

అడవి మృగాలన్నిటినీ బెదరగొట్టిన ముసలి పిల్లి 'పాన్ కోత్స్కీ', అబద్ధాలకోరు మేక 'కొజా-దెరెజా' ఒపెరా ఎక్కాయి. స్వరకర్త మికోలా లిసెంకో పిల్లలకోసం మేక కథకు 1888లో, పిల్లి కథకు 1891లో సంగీతం కట్టాడు.

ఉక్రెయిన్‌లోని పావ్లిష్ గ్రామంలో 1948 నుంచి 1970 దాకా ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న వసీల్ సుఖొమ్లీన్‌స్కీ బడిలో కథలకే ఒక గది ఉండేది. వినడంతో ఆగకుండా పిల్లలచేత సొంతంగా కథలు అల్లించేవాడు.

ఇక మన కథల బంధువులు. రచయిత ఇవాన్ ఫ్రాంకో 1899లో వేసిన 'జంతువులు మాట్లాడే రోజుల్లో' అనే సంపుటిలో కాకులు, గుడ్లగూబల కథ ఉంది. రంగుల తొట్టిలో పడి రాజైన నక్క కథా ఉంది. రెండూ పంచతంత్రం నుంచి వెళ్లినవే. మన నీలినక్క ఊళ వేసి బయటపడింది. ఫ్రాంకో నక్క తన ఏలుబడి వార్షికోత్సవంలో నక్కల బృందగానం విని, ఉండబట్టలేక తనూ గొంతు కలిపింది.