స్వరలిపిలో సంక్షిప్తసంజ్ఞలు: రాయచూరు దాసకృతులు

రాయచూరు జిల్లా హరిదాసులకు పుట్టినిల్లు. మాన్వి తాలూకాలోని చీకలపర్వి విజయదాసుల (1682–1755) జన్మస్థానము, బ్యాగవాట జగన్నాథదాసులది, దేవదుర్గ తాలూకాలోని మొసరకల్లు గోపాలదాసులది. వీరి పాటల శిరస్సున రాగతాళముల పేర్లును, తుదిని అంకితమును ఉండును. ‘విజయవిఠల’ యన్న ఒక్క మాట చాలును, కర్త యెవరో తెలియును. ఇట్లు సంజ్ఞవలన కర్తృత్వము నిలిచినది గాని, గానము నిలువలేదు. పైన రాగనామము వ్రాసినంతమాత్రమున ఏ యక్షరము ఏ స్వరముపై నెంతకాలము నిలువవలెనో తెలియదు గదా!

ఈ లోపమునకు మందు తెలుగు లిపిలోనే కలదు. 1904లో ఎట్టయపురమున ముద్రితమైన సుబ్బరామదీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగు లిపిలో వెలువడినది. పురందరదాసుల సూళాదులును అందు స్వరసహితముగా నున్నవి. ‘స’ యన్న నొక యక్షరకాలము, ‘సా’ యన్న రెండు. కాలమానమునకు వేఱు గుర్తు అక్కఱలేదు. గుణితమే ఆ పని చేయును. స్వరములపై నడ్డగీత గీచినచో నడక యినుమడించును. జారునకు ఏటవాలు గీత, కంపితమునకు అలవంటి గీత. ఈ గుర్తుల యర్థమును దీక్షితులు గ్రంథారంభముననే విశదపఱచిరి. ఆ వివరణమే లేకున్న గుర్తులన్నియు పిచ్చిగీతలే.

నేడు కంప్యూటరునందు అక్షరములతోనే సంగీతము వ్రాయు పద్ధతులు కలవు. ఆంగ్లేయుడైన క్రిస్ వాల్షా కల్పించిన ‘ఏబీసీ’ వానిలో నొకటి. అందు అలంకారనామమును రెండు ఆశ్చర్యార్థకముల నడుమ పూర్తిగా వ్రాయవచ్చును, లేదా ఒక్క యక్షరముతో సరిపెట్టవచ్చును. ఆ పొట్టి యక్షరమున కర్థమును వ్రాయువాడు పాట పైభాగమున మార్చుకొనవచ్చును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. అలగీత దీక్షితులకు కంపితము. ఏబీసీలో నదే గీత ఐర్లండు జానపదవాద్యకారుల ‘రోల్’ అను అలంకారము. కావున సంక్షేపమును వాడువాడు దాని పూర్ణనామమును ముందుగా చెప్పితీరవలెను.

అంతకంటె ముఖ్యమైనది సంజ్ఞ యొక్క వ్యాప్తి. అలంకారపు గుర్తు తన వెంటనున్న స్వరమునకే చెల్లును. తాళపు గుర్తు మఱియొక తాళము వచ్చువఱకు చెల్లును. కీర్తనలో నీ భేదము అంతగా బాధింపదు. సూళాదిలో నట్లు కాదు. ధ్రువ, మఠ్య, రూపక, ఝంప, త్రిపుట, అట, ఏకతాళములు ఒకదాని వెనుక నొకటి వచ్చుచుండును. తాళము మాఱిన చోటనే గుర్తు పడకున్న, తరువాతి ఖండమంతయు తప్పుచేతిలెక్కలో నడచును. విజయదాసులు సూళాదులకు ప్రసిద్ధులు గనుక రాయచూరువారి కిది పుస్తకపు సంగతి మాత్రమే కాదు.

1956 వఱకు హైదరాబాదు రాష్ట్రములో నుండిన ఈ జిల్లాలో కన్నడముతోబాటు తెలుగు వినబడును. రెండు లిపులకును హ్రస్వదీర్ఘములు సమానమే. ‘స’, ‘సా’ ల లెక్క ఒకదానినుండి మఱియొకదానికి చెడక పోవును. ఒకే పాటను ఇల్లిల్లు ఒక్కొక్క తీరున పాడుచున్నది. ఏబీసీలో పాట ఎవరివద్దనుండి వచ్చినదో, ఎవరు లిపిబద్ధము చేసిరో తెలుపుటకు వేర్వేఱు పంక్తులు కలవు. తుదిని దాసుల అంకిత మున్నట్లే, శిరస్సున పాడినవారి యూరు పేరును చేర్చినచో ఏ పాఠమును మఱియొక పాఠము మ్రింగివేయదు.